మృగయ: వ్యసనమా? ధర్మమా?

ఆఫ్రికా ఖండపు దక్షిణభాగమున నమీబియా అను దేశము కలదు. జూన్, జూలై మాసములు అచట శీతకాలము. చెట్లు ఆకు రాల్చి, గడ్డి యెండి, తుమ్మజాతి ముండ్లపొదల నడుమ చూపు దూరము వఱకు సాగు కాలము. అందుచేత వేటకై వచ్చు విదేశీయులు చాలమంది ఆ నెలలనే కోరుదురు. వారికొఱకు నడుపబడు వేటకు ‘సఫారీ’ యని పేరు. ఈ మాట మనకు బొత్తిగా క్రొత్తది కాదు. అరబ్బీ భాషలోని ‘సఫర్’ హిందుస్తానీలోనికి వచ్చినట్లే తూర్పాఫ్రికాలోని స్వాహిలీ భాషలోనికిని పోయి ‘సఫారీ’ యైనది. ప్రయాణమని మాత్రమే దాని యర్థము. వేట యను నర్థమును దానికి తగిలించినవారు తరువాత వచ్చిన తెల్లవారు.

అట్టి వేటలో ఒక దినము ఎట్లు గడచునో తెలిసికొనకయే దానిని దూషించుట సులభము, సమర్థించుటయు సులభము. కావున మొదట ఆ దినమును చూతము.

అతిథి తెల్లవారుటకు ముందే లేచును. ముందునాటి సాయంకాలమే అతనిచేత ఒక గుఱిపలకపై రెండు మూడు గుండ్లు కాల్పించి, అతని రైఫిలును, అతని చేతిని పరీక్షించి యుందురు. ఆ దేశపు చట్టము ననుసరించి విదేశీయుడు తనంత తాను వేటాడరాదు. ప్రభుత్వపరీక్షలో నెగ్గి నమోదైన మార్గదర్శి వెంట నుండవలెను. పైకప్పు లేని మోటారుబండిలో ముందు మార్గదర్శియు అతిథియు కూర్చుందురు. వెనుక ఎత్తున జాడలు పట్టువాడు నిలుచును. చలిగాలిలో బండి మెల్లగా సాగును. ఒకచోట వెనుకవాడు బండిపై తట్టును. ఇసుకలో క్రొత్త గిట్టల గుర్తులు కనబడినవన్న మాట. దిగుదురు. మార్గదర్శి చిన్నసంచిలోని బూడిదను విదిలించి గాలి యేవైపునకు వీచుచున్నదో చూచును. గాలికి ఎదురుగా నడచిననే మృగము మనుష్యుని వాసన పట్టజాలదు. ఇట్లు గంటయో, మూడు గంటలో నడక.

వారు వెదకుచున్నది కూడూ అను పెద్దజాతి జింక. పోతు రెండువందల యేబది కిలోల వఱకు తూగును. బూడిదరంగు మేనిపై సన్నని తెల్లచారలు. తలపై స్క్రూవలె రెండున్నర మెలికలు తిరిగిన కొమ్ములు. (మనము వాడుకలో జింక యని పిలుచువానిలో రెండు జాతులున్నవి. చుక్కలదుప్పి వంటివాని కొమ్ములు ఏటేట రాలి మరల మొలచును. కృష్ణజింకకును ఈ కూడూకును కొమ్ములు జీవితాంతము పెరుగునేగాని రాలవు. వేటకాని కన్ను ఆ కొమ్ముమీదనే యుండుటకు ఇదియు నొక హేతువు. అది ఆ జంతువు బ్రతికిన సంవత్సరముల లెక్క వంటిది.) కూడూ పొదలనడుమ కదలక నిలిచినచో ఎదుటనే యున్నను అతిథికి కానరాదు. జాడలు పట్టువానికి మాత్రము ఒక చెవి విసరుట కనబడును. అతడు వ్రేలితో చూపును. మార్గదర్శి దుర్భిణితో చూచి, కొమ్ము పొడవు నంచనా వేసి, ముసలిదో పడుచుదో నిర్ణయించి, మూడు కాళ్ల ఊతకొయ్యను నిలుపును. అతిథి దానిపై రైఫిలు నానించును. ఏ మృగమును కాల్చవలెనో, భుజమునకు వెనుక ఏ చోట గుఱిపెట్టవలెనో, ఎప్పుడు మీట నొక్కవలెనో మార్గదర్శి చెవిలో చెప్పును. అతిథి మీట నొక్కును.

గుండు సరిగా తగిలినచో మృగము నూఱు గజములలోపల పడును. తగులవలసినచోట తగులనిచో నెత్తుటిబొట్ల వెంట మధ్యాహ్నము వఱకు, ఒక్కొక్కప్పుడు చీకటిపడు వఱకు నడువవలసియుండును. దొరకినను దొరకకున్నను వెల యొక్కటే. నెత్తురు చిందిన మృగమునకు పూర్తిధర చెల్లింపవలెనని ధరల పట్టికయందే వ్రాసియుండును. ఈ నియమము న్యాయమైనదే; ఐనను ప్రాణముయొక్క వెల ఎట్లు కట్టబడుచున్నదో దీనివలన తెలియుచున్నది. పిమ్మట మృగము మోరను తుడిచి, నాలుకను లోపలికి నెట్టి, తలను గడ్డిపై నిలిపి, వెనుక అతిథిని కూర్చుండబెట్టి ఛాయాచిత్రము తీయుదురు. జర్మనీ దేశపు అతిథులైనచో ఒక పచ్చనికొమ్మను చచ్చిన జంతువు నోట నుంతురు. కడపటి మేత యని వారి యాచారము. తరువాత కళేబరమును పాకకు చేర్చి తోలు తీయుదురు. మాంసము పొలమున పనిచేయువారికిని, ఊరిలోని దుకాణమునకును పోవును. కొమ్ములు, మెడతోలు మాత్రము అతిథివి. కొమ్మును మెలికల వెంట నాడా పెట్టి కొలిచి, చాలినంత పొడవున్నచో రికార్డు పుస్తకమున కెక్కింతురు. అట్టి పుస్తకములలో ప్రసిద్ధమైన రోలండ్ వార్డు సంపుటము 1892 నుండి వెలువడుచున్నది.

ఇంతే ఆ దినము. ఇందులో పాపమెంత? ఎవరిది?

ఇట్టి ప్రశ్నకు మన పెద్దలు ఒకే కంఠముతో సమాధానము చెప్పలేదు. మనువు కామమువలన పుట్టు పది వ్యసనములను లెక్కించుచు మృగయను మొట్టమొదట నిలిపెను; వానిలో మిక్కిలి కీడైనవి నాలుగని చెప్పి, మద్యము, జూదము, స్త్రీవ్యసనములతోపాటు దానిని చేర్చెను. కాళిదాసుని శాకుంతలమందలి సేనాపతియో, పొట్ట తగ్గును, శరీరము తేలికపడును, భయక్రోధములయందు జంతువుల చిత్తము తెలియవచ్చును, కదలు గుఱిని కొట్టుట విలుకానికి గొప్ప, ఇట్టిదానిని వ్యసనమనుట పొరపాటని వాదించెను. నేటి వేటకాండ్ర క్లబ్బులలో వినవచ్చు వాదములలో సగము ఆ సేనాపతి యెన్నడో చెప్పినవే. వానిపై ఎక్కువ కాలము వ్యయము చేయ నక్కఱలేదు. పొట్ట తగ్గించుకొనుటకు మఱియొక ప్రాణము కావలెనా? కొండ యెక్కినను తగ్గును.

కాని నేటి వేటకాడు మఱియొక వాదము తెచ్చుచున్నాడు. అది సేనాపతికి తెలియనిది; తేలికగా త్రోసివేయదగినదియు గాదు. నేను చంపుటవలననే ఆ జాతి బ్రతుకుచున్నది అని అతడనుచున్నాడు.

ఈ మాటలో నిజమెంతో చూడవలెను. తుపాకి మొదట ఆఫ్రికాకు చేసినది వినాశమే. కేప్ ప్రాంతమున నుండిన నీలిజింక 1800 ప్రాంతముననే సమూలముగా నశించినది. బాంటెబాక్ అను జింకకు 1931లో ప్రత్యేకోద్యానము నేర్పరచినప్పుడు అందు చేర్చుటకు దొరకినవి 17 మాత్రమే. అమెరికా అధ్యక్షపదవినుండి దిగిన థియొడోర్ రూజ్వెల్టు 1909లో కుమారునితో కూడ తూర్పాఫ్రికా వెళ్లి, వస్తుప్రదర్శనశాలకని చెప్పి, తాను 296, కుమారుడు 216, వెరసి 512 జంతువులను కాల్చెను. ఆనాడు దానిని తప్పుపట్టినవారు అరుదు.

తరువాత మార్పు వచ్చినది. నమీబియాలో మునుపు అడవిజంతువులు ప్రభుత్వపు సొత్తు. పశువుల మేతను తిని, నీటిని త్రాగి, కంచెలు త్రెంచి పోవు జింక భూస్వామికి శత్రువు. కనబడినచో కాల్చివేయుటయే అతని యెఱిగిన ధర్మము. 1960ల దశకపు చివర, తన కంచెలోని జింకలను వినియోగించుకొను హక్కు భూస్వామికి చట్టము నిచ్చెను. దానితో జింకకు వెల యేర్పడినది; పశువులను తగ్గించి జింకలను పెంచువారు బయలుదేరిరి. దక్షిణాఫ్రికాలోను 1991లో ఇట్టి చట్టము వచ్చినది. అచట ఒకప్పుడు గొఱ్ఱెలు మాత్రమే మేసిన వేలకొలది పొలములలో నేడు స్ప్రింగ్‌బాక్, ఇంపాలా, ఈలండ్ మేయుచున్నవి. నమీబియాలోని నల్లవారి ఉమ్మడిభూములకు ఆ హక్కు వచ్చుటకు 1996 వఱకు వేచియుండవలసి వచ్చెననుట మఱవరాదు. తెల్లవారికి దక్కిన మూడు దశాబ్దములకు గాని వారికి దక్కలేదు. 1998లో తొలి నాలుగు గ్రామసంరక్షణసంఘములు నమోదైనవి. నేడు ఎనుబదికి పైగా నున్నవి. దేశవిస్తీర్ణమున ఐదవవంతు వానిక్రింద నున్నది. వానిలో పెక్కింటికి వేటగాని రుసుము ముఖ్యమైన రాబడి.

దీనికి ప్రతిగా కెన్యా నుదాహరింతురు. ఆ దేశము 1977లోనే వేటను నిషేధించినది. ఐనను 1977 మొదలు 2016 వఱకు జరిగిన లెక్కలలో అచటి మైదానములందలి వన్యజంతువులు సగటున మూడింట రెండు వంతులు తగ్గినట్లు తేలినది. నిషేధమే ఇందులకు కారణమని వేటకాండ్రు చెప్పుదురు. ఇది సరియైన తర్కము కాదు. అచట జనులు పెరిగిరి, గొఱ్ఱెలు మేకలు పెరిగినవి, కంచెలు వచ్చినవి, వానలు తప్పినవి. కాని ఒక్కటి మాత్రము ఒప్పుకొనవలెను: వేటను మాన్పినంతమాత్రమున మృగములు బ్రతుకలేదు. తుపాకికన్న నాగలియు, మందయు నిశ్శబ్దముగా ఎక్కువ చంపును.

ఇచట భారతములోని ఒక చిన్నకథ జ్ఞప్తికి వచ్చుచున్నది. ఘోషయాత్ర ముగిసి దుర్యోధనుడు అవమానముతో మరలిన తరువాత పాండవులు ద్వైతవనమున నుండిరి. ఒకనాటి రాత్రి ధర్మరాజు స్వప్నమున కొన్ని జింకలు కన్నీటితో వణకుచు వచ్చి నిలిచినవి. మేము ఈ వనమున చావగా మిగిలిన వారము, విత్తనమునకు మాత్రము ఉన్నాము, మీరు వేఱొకచోటికి పోయినచో మేము మరల వృద్ధిపొందగలము అని వేడుకొన్నవి. తెల్లవాఱగనే ధర్మరాజు ఆ విషయము తమ్ములకు చెప్పి, పరివారముతో కామ్యకవనమునకు వెడలెను.

ఈ జింకలు వేటను పూర్తిగా మానుమని కోరలేదు. విత్తనము మిగిలింపుమని మాత్రమే కోరినవి. నేటి పర్యావరణశాస్త్రజ్ఞుడు కోటా యని చెప్పునది ఇంచుమించుగా ఇదియే. ముసలిపోతులను కొలదిగా తీసినచో మందకు కొఱత రాదను వాదము వ్యాసునికి వింతగా తోచియుండదు. కాని ధర్మరాజు జింకల మాటను హక్కుపత్రముగా తీసికొనలేదు. విత్తనము మిగిలినంత మేర చంపవచ్చునా యని లెక్క వేయలేదు. ఆయన మనస్సున కలిగినది జాలి. పైగా ఆయన చంపించినది ఆకలిగొన్నవారికై. కొమ్ము కొలుచుటకు గాదు.

కావున ఇందు రెండు ప్రశ్నలు ముడివడియున్నవి. మందకు మేలు కలుగునా అనునది యొకటి. మీట నొక్కినవానికి ఏమగును అనునది రెండవది. వేటకాడు మొదటిదానికి సమాధానము చెప్పి రెండవదియు తీరినదనుకొనుచున్నాడు. అతనిని నిందించువాడు రెండవదానిని పట్టుకొని మొదటిది లేనే లేదనుచున్నాడు.

రెండవ ప్రశ్ననే కొంచెము నిదానముగా చూతము. 2024లో నమీబియాలో ఘోరమైన కఱవు వచ్చినప్పుడు ప్రభుత్వము 723 వన్యజంతువులను చంపించి మాంసమును ఆకలిగొన్న జనులకు పంచుటకు నిర్ణయించినది. అందు 100 ఈలండ్లు, 50 ఇంపాలాలు కలవు. నియమింపబడిన వేటగాండ్రే ఆ పని చేసిరి. అతిథి కాల్చిన ఈలండునకును, ఆ కఱవులో పడిన ఈలండునకును చావులో భేదము లేదు. భేదమంతయు చంపినవాని యందే యున్నది.

సఫారీకి వచ్చినవాడు నిజముగా కొనుచున్నదేమి? మాంసము కాదు, అది అతని ఇంటివద్ద ఎంతో చవుక. కొమ్ములు కావు, కావలసినచో దుకాణమున దొరకును. అడవిలో నడచు ఆనందము కాదు. అది తుపాకి లేకయే లభించును. మృగమును కనుగొన్నవాడు జాడలు పట్టువాడు. ఎన్నుకొన్నవాడు మార్గదర్శి. తోలు తీసినవాడు మఱియొకడు. ఇందఱు చేసిన పనిలో ఆ చివరి అఱక్షణపు వ్రేలికదలిక మాత్రము అతనిది. ఆ వ్రేలికదలికకు అతడు వేల డాలర్లు చెల్లించుచున్నాడు. ఏలయన, దానితో ఆ మరణమునకు అతడు కర్త యగును. సఫారీలో అమ్ముడుపోవు వస్తువు కర్తృత్వమని నాకు తోచుచున్నది. ఛాయాచిత్రములో జాడలు పట్టువాడు సాధారణముగా ఉండడు.

ఫలము మాత్రము కర్త పేరు చూచి రాదని మనశాస్త్రములు చెప్పుచున్నవి. పతంజలి హింసను తాను చేసినది, చేయించినది, అనుమోదించినది యని మూడు తెఱగులుగా విభజించెను. మనువు అనుమతించినవాడు మొదలు వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాని వఱకు అందఱిని చంపినవారిలో చేర్చెను. ఈ లెక్కలో సఫారీ యంతయు ఒకే పెద్దచేయి. అందు గ్రామసంఘము కలదు. రుసుము పుచ్చుకొన్న ప్రభుత్వము కలదు.

అదే నమీబియాలో, ఈశాన్యమూల, జుహోన్సీలని సాన్ జాతివారు కలరు. వేట వారి కులవిద్య. ఒకజాతి పెంకుపురుగు పిల్లల విషమును అంబులకు పూసి కొట్టుదురు. ఆ విషము మెల్లగా పనిచేయును. గాయపడిన మృగముయొక్క జాడవెంట ఒక దినమో, అంతకు మించియో నడువవలెను. వారి వేట మృదువైనదని చెప్పుటకు వీలులేదు. కాని అహంకారమును గూర్చి వారు చేసికొన్న యేర్పాటు ఆశ్చర్యకరము. మాంసము కొట్టినవానిది గాదు. అంబు ఎవరిదో వారిది. అంబులను ఒకరికొకరు ఇచ్చుకొనుచుందురు. కావున పంచు గౌరవము ఇంటనున్న ముసలివానికో, ఒక స్త్రీకో దక్కవచ్చును. పెద్దమృగమును కొట్టి వచ్చినవాడు దానిని గూర్చి తక్కువగా పలుకవలెను. విన్నవారును, ఇంత బక్కజంతువుకై మమ్ము ఇంతదూరము నడిపించితివా యని యెగతాళి చేయుదురు. రిచర్డ్ లీ యను మానవశాస్త్రజ్ఞుడు ఎడారి కీవలి బోట్స్వానా వైపున వారి నడుమ నివసించి, తాను క్రిస్మసుకు కొనితెచ్చిన బలిసిన యెద్దును వారట్లే యెగతాళి చేయగా నొచ్చుకొని, కారణము నడిగెను. పడుచువాడు ఎక్కువ మాంసము తెచ్చినచో తాను పెద్దననియు, తక్కినవారు తన సేవకులనియు తలచును. ఆ గర్వము ఒకనాడు ఎవరినో చంపును. అందుచేత వాని హృదయమును చల్లార్చుదుమని వారు చెప్పిరి. 1969లో ఆయన దీనిని ప్రకటించెను. ఏ వేదాంతమును చదువని ఆ యెడారివాసులు, కొట్టినచేతికి కర్తృత్వము అంటకుండ ఉపాయము చేసికొనిరి. మనము నాగరికులమనుకొనువారు కొట్టనిచేతికి కర్తృత్వమును కొనిపెట్టు వ్యాపారమును నడుపుచున్నారు.

దీనికి గ్రామస్థుడొకడు బదులు చెప్పవచ్చును: అతిథి అహంకారము అతిథిది, అది ముదిరినచో అతనినే చెఱచును, ఆ ధనముతో మా బావికి మోటారు వచ్చినది, మీరేల అడ్డుదురు? ఇది గట్టిప్రశ్న. మనకును ఇట్టిది తెలియనిది కాదు. సారాపాటల రాబడితో బడులు నడచుచున్నవని ఒకప్పుడు మనవద్ద వాదించిరి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఆ లెక్కను ఒప్పుకొనలేదు. కాని సారా వారి యిండ్లనే కాల్చినది. నష్టపడినవారే లేచి మాటాడిరి. వేటలో నష్టపడునది కూడూ. లాభము గ్రామమునది. కూడూ పక్షమున మాటాడువాడు ఎక్కడనో దూరమున, తన పొలమున ఏనుగు పడని దేశమున నున్నాడు. 2023లో బ్రిటిషు కామన్స్ సభ ట్రోఫీల దిగుమతిని నిషేధించు బిల్లును ఆమోదించినప్పుడు (అది ప్రభువుల సభలో నిలిచిపోయినది) ఆఫ్రికాదేశములవారు కొందఱు అదే యడిగిరి: మా పొలముల నష్టమును మీలో ఎవరు భరింతురు?

ఆ ప్రశ్న మనకును తగులును. మనదేశమున 1972 చట్టము వేటను ఆపినది, మంచి పని. చీతాను అంతకు ముందే పోగొట్టుకొంటిమి. 1947లో కొరియా సంస్థానపు రాజు కాల్చిన మూడే కడపటివని చెప్పుదురు. 1952లో అది దేశమున నశించినదని ప్రకటించిరి. 2022లో మరల దానిని తెచ్చుకొనుటకు పోయినది ఎచటికి? వేటకు వెలకట్టిన ఆ నమీబియాకే.

కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడులో 1988లో బట్టమేకపక్షి కొఱకు అభయారణ్య మేర్పరచగా, ఆ నీడలో కృష్ణజింక వృద్ధిపొందినది. చూచువారికి కన్నులపండువు. కాని ఆ చుట్టుప్రక్కల మెట్టసేద్యము చేయు రైతునకు అది రాత్రివేళ సెనగచేనిలో దిగు మంద. అతడు కాల్చరాదు, కాల్చకుండుటయే ధర్మము. ఐతే ఆ ధర్మమునకు వెల యెవరిచ్చుచున్నారు? పట్టణమున కూర్చుండి జీవకారుణ్యమును గూర్చి వ్రాయువారు, చదువువారు ఇచ్చుట లేదు. చేయని పంటతో ఆ రైతే యిచ్చుచున్నాడు. నమీబియాలో జింక బ్రతుకుటకు ధనవంతుని వ్యసనము రుసుము కట్టుచున్నది. మనవద్ద జింక బ్రతుకుటకు బీదవాని చేను రుసుము కట్టుచున్నది. మొదటిది హింస, రెండవది అహింస యని పేర్లు పెట్టి ఊరకుండుట మనకు తగునా? అహింసను నిజముగా కోరువాడు ఆ రైతు నష్టమును తన నష్టముగా పంచుకొనవలెను. అట్లు పంచుకొనువారు నమీబియా గ్రామములకును దొరకినచో, వేటగాని రుసుమును వారు తామే వలదనవచ్చును. అంతవఱకు వారిని మానుమని చెప్పు అధికారము మనకు లేదు. సఫారీకి పోవువాని గోడమీది కొమ్ములను చూచి మెచ్చుకొనవలసిన పనియు లేదు.

భారతకథను మరల చూడగా ఒక విషయము తోచును. ధర్మరాజు కదలినప్పుడు ఆయనతో తమ్ములు, బ్రాహ్మణులు, ఇంద్రసేనాదులైన సేవకులు కదలిరి. వారందఱికిని ఆహారము కావలెను. వనవాసము ఇంకను మిగిలియున్నది. ద్వైతవనమందలి జింకలకు విత్తనము దక్కినది. కామ్యకవనమందలి జింకలు ఆ రాకను చూచి యేమనుకొన్నవో వ్యాసుడు చెప్పలేదు.